తెలుగులో పలకరింపు: నోటితో, ఫోన్లో, కాగితం మీద

విషయం తెలుసు, భాష తెలుసు. అయినా అవతలివాళ్లు ఫోనెత్తి "హలో" అనగానే ఏమని పిలవాలో తోచక ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. మెసేజ్ రాయబోతే "హాయ్" అనాలా, "నమస్తే" అనాలా, పేరు పక్కన "గారు" పెడితే మరీ పరాయివాళ్లలా ఉంటుందా అని మళ్లీ అదే చిక్కు. పెళ్లయి కొత్త ఇంట్లో అడుగుపెట్టిన అమ్మాయికి, ఊరు మారి ఉద్యోగంలో చేరిన అబ్బాయికి, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలకు ఈ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ.

మన పలకరింపులో బరువంతా పిలుపు మీదే ఉంటుంది. "నమస్కారం" అందరికీ ఒకటే. దాని పక్కన "మాస్టారూ" అన్నారా, "బావగారూ" అన్నారా, "అక్కా" అన్నారా అన్నదాన్నిబట్టే ఆ ఇద్దరి మధ్య చుట్టరికమో, స్నేహమో, గౌరవమో తెలిసిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిని పిలుపుతో మొదలుపెడుతున్నాను.

1. ముందు వరస తేల్చుకోండి

చుట్టాల్లో ఎవరిని ఏమనాలో ఇంట్లో పెద్దవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. పెళ్లికి వెళ్లాక మండపంలో గుసగుసగా అడగడంకన్నా, బయలుదేరే ముందు రోజు అమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి తెలుసుకోవడం మేలు. నాన్న తమ్ముడు బాబాయ్, కొన్ని ఊళ్లలో చిన్నాన్న, తెలంగాణ పల్లెల్లో కాక. అమ్మ చెల్లెలు పిన్ని, అటువైపు చిన్నమ్మ. అమ్మ అన్నదమ్ములు మామయ్యలు, నాన్న అక్కచెల్లెళ్లు అత్తయ్యలు. ఇంతవరకు తేలికే.

చుట్టాలు కానివాళ్ల దగ్గర వస్తుంది అసలు ఆలోచన. నాన్న స్నేహితుణ్ణి "బాబాయ్" అంటే ఆయన పిల్లలు మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అయిపోతారు. అదే "మామయ్యా" అంటే వాళ్లు బావామరదళ్ల వరసలోకి వస్తారు. పక్కపక్క వాటాల్లో ఏళ్ల తరబడి కలిసి ఉన్న కుటుంబాలు ఈ లెక్క చూసుకునే పిల్లలకు పిలుపులు నేర్పుతాయి. "అంకుల్, ఆంటీ" ఇంతగా వ్యాపించడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం: వాటికి వరస చిక్కులు లేవు. వాటిని తప్పు పట్టను. కానీ "బాబాయ్" అని పిలిస్తే దొరికే చనువు "అంకుల్"తో దొరకదు.

వియ్యాలవారి మధ్య పిలుపులు మరీ ముచ్చటగా ఉంటాయి. ఇద్దరు తండ్రులూ "బావగారూ" అనుకుంటారు. ఇద్దరు తల్లులూ "వదినగారూ" అనుకుంటారు. తల్లి అవతలి తండ్రిని "అన్నయ్యగారూ" అంటుంది, ఆయన ఆమెను "చెల్లెమ్మగారూ" అనో, "అక్కయ్యగారూ" అనో అంటాడు. నిన్నటిదాకా ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక్క పిలుపుతో తోబుట్టువులవుతారు. నిశ్చితార్థం రోజునుంచే ఇలా పిలుచుకోవడం మొదలుపెట్టండి. పెళ్లి పనుల్లో వచ్చే చిన్నచిన్న మాటపట్టింపులు చాలావరకు ఈ పిలుపుల దగ్గరే చల్లారిపోతాయి.

బజార్లో, బస్సులో వయసును చూసి పిలవండి. హైదరాబాద్‌లో ఆటో ఆపాలంటే "అన్నా" చాలు. కోస్తా ఊళ్లలో మీకన్నా చిన్నవాణ్ణి "బాబూ" అనీ, "తమ్ముడూ" అనీ అంటారు. కూరగాయలమ్మే పెద్దావిడ "పెద్దమ్మా" లేదా "అవ్వా". "ముసలాయనా", "ముసలమ్మా" అని మాత్రం ఎదురుగా అనకండి; "పెద్దాయనా", "పెద్దావిడా" ఉండనే ఉన్నాయి. "ఏమండీ" అని ముక్కు మొహం తెలియనివారిని పిలవడం మర్యాదే. అయితే ఇళ్లల్లో భార్య భర్తను పిలిచే మాటా అదే కాబట్టి, దగ్గరివాళ్ల మధ్య వాడేముందు ఒకసారి చూసుకోండి.

2. నువ్వా, మీరా?

పుస్తకాల్లో రాసే సూత్రం "పెద్దవాళ్లకు మీరు, చిన్నవాళ్లకు నువ్వు". వాడుకలో ఇంత సాఫీగా ఉండదు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో తండ్రిని, తాతను "నువ్వు" అనడం మామూలు. "మా నాయిన వచ్చిండు" అంటే అందులో అమర్యాద ఏమీ లేదు. కోస్తాలో కొన్ని ఇళ్లలో తండ్రిని "మీరు" అంటారు, అమ్మను మాత్రం "నువ్వు" అంటారు. కాబట్టి ఒక ఇంటి అలవాటుతో ఇంకో ఇంటిని తూచకండి. కోడలు అత్తింట్లో ముందు "మీరు"తో మొదలుపెట్టి, ఆ ఇంటి పద్ధతి కనిపెట్టి, వాళ్లే "మీరేంటమ్మా, నువ్వు అను" అన్నప్పుడు మారితే సరిపోతుంది. "నువ్వు" నుంచి "మీరు"కు వెనక్కి పోవడం కష్టం. అలా పోతే కోపం వచ్చిందనుకుంటారు.

"గారు" పెడితే క్రియ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. "డాక్టర్ గారు వచ్చాడు" అనకూడదు, "వచ్చారు" అనాలి. మీ పేరుకు మీరే "గారు" తగిలించుకోకండి. మీ భర్త గురించో భార్య గురించో బయటివాళ్లతో చెప్పేటప్పుడు "మావారు", "మా ఆవిడ", "మా ఇంటాయన" అన్న మాటలు హాయిగా సరిపోతాయి.

3. మొదటి మాట, వెంటనే వచ్చే ప్రశ్న

చేతులు జోడించి "నమస్కారమండీ" అనండి. చేతిలో సంచి ఉంటే పక్కన పెట్టి జోడించడం మర్యాద. పెట్టే వీల్లేకపోతే తల కొంచెం వంచి నోటితో అనండి, చాలు. ఇంట్లోకి వెళ్తే చెప్పులు విడిచాకే పలకరింపు. కాళ్లకు నమస్కారం చేయాల్సిన చోట, అంటే పెళ్లిలో, పుట్టినరోజున, ప్రయాణానికి ముందు, వాళ్లు కూర్చునో నిలబడో ఉన్నప్పుడు చేయండి. పడుకుని ఉన్నవాళ్లకు చేయరు. "దీర్ఘాయుష్మాన్ భవ", "చల్లగా ఉండు", "నూరేళ్లు వర్ధిల్లు" అని వాళ్లు దీవించేదాకా ఒక్క క్షణం వంగి ఉండండి. ఆ దీవెన పూర్తి కాకముందే లేచి ఫోన్ తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నమస్కారం తరువాత వచ్చే ప్రశ్నే మన పలకరింపులో ప్రాణం. "బాగున్నారా?" "అంతా కులాసాయేనా?" "భోజనం అయిందా?" దగ్గరివాళ్లయితే "ఏం కూర?" అని కూడా అడుగుతారు. భోజనం సంగతి అడిగినవాళ్లు మీకు వడ్డించడానికి అడగడం లేదు. "ఆఁ, అయిందండీ, మీరు చేశారా?" అని తిరిగి అడగడమే జవాబు. "బాగున్నారా?" అని ఒక్కరినే అడిగినా, చాలామంది "బాగున్నాం" అని బహువచనంలో చెబుతారు, ఎందుకంటే ఆ ప్రశ్న ఇంటిల్లిపాదికీ చెందుతుంది. మీరూ ఒక మాటతో ఆపకుండా "అమ్మావాళ్లు ఎలా ఉన్నారు? పిల్లల పరీక్షలు అయిపోయాయా?" అని ఇంకో మెట్టు ఎక్కండి. పల్లెలో అయితే "మీ వైపు వానలు పడ్డాయా?" అన్నది కుశలప్రశ్నే.

బయటికి వెళ్తున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగవద్దని పెద్దలు చెబుతారు. శకునం పట్టింపు ఉన్నవాళ్లు ఆ మాట వింటే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతారు. "ఎందాకా?" అనో, "దూరమా?" అనో అడుగుతారు. ఈ పట్టింపు మీకు లేకపోయినా ఎదుటివాళ్లకు ఉండొచ్చు కదా. "ఎందాకా?" అనడానికి ఖర్చేం లేదు.

4. ఊరినిబట్టి, నమ్మకాన్నిబట్టి

తెలంగాణలో "మంచిగున్నరా?", "ఎట్లున్నవ్?", "ఏం సంగతి?". రాయలసీమలో "బాగుండారా?". ఉత్తరాంధ్రలో "ఏటి, బాగున్నావా?". గోదావరి జిల్లాల్లో జవాబు చివర "ఆయ్" చేరుతుంది. మీది ఏ ఊరైతే ఆ ఊరి మాటతోనే పలకరించండి. అవతలివారి యాసను అనుకరించబోతే వెక్కిరించినట్టుగా వినిపించే ప్రమాదం ఉంది. యాసలను చిన్నచూపు చూడొద్దని జీవితమంతా చెప్పిన కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఇద్దరూ చెప్పింది పలకరింపుకూ వర్తిస్తుంది: నోటికి సహజంగా వచ్చేదే మంచి తెలుగు.

ముస్లింలు "అస్సలాము అలైకుం" అంటే "వాలేకుం అస్సలాం" అని జవాబివ్వండి. హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు "ఆదాబ్" కూడా వినిపిస్తుంది. క్రైస్తవ కుటుంబాల్లో "వందనాలండీ" అంటారు. మీరూ "వందనాలండీ" అంటే సంతోషిస్తారు. తండాల్లో "రామ్ రామ్", "జై సేవాలాల్" వింటారు. అంబేడ్కర్ ఆశయాలను నమ్మేవాళ్లు "జై భీమ్" అంటారు. తెలంగాణ పల్లెల్లో "దండాలు", "శనార్థులు" ఇంకా సజీవంగా ఉన్నాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారిని 41 రోజుల దీక్ష పూర్తయ్యేదాకా పేరుతో కాకుండా "స్వామీ" అనే పిలవాలి, వాళ్లు చిన్నపిల్లలైనా సరే. భవానీ దీక్షలో ఉన్నవారిని "భవానీ" అంటారు.

ఒక మాట మాత్రం పోయింది, పోవడమే మంచిది. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర ఎదురైతే "నీ బాంచెన్, కాల్మొక్త", అంటే నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతాను అని అనాల్సి వచ్చేది. అది వెట్టికి ఇంకో రూపం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమితోపాటు ఆ మాట మీద కూడా తిరగబడింది. కాబట్టి సరదాకైనా ఆ మాట వాడేముందు అది ఎవరిని ఎంత గాయపరిచిందో గుర్తుంచుకోండి.

5. సెలవు తీసుకునేటప్పుడు

"వెళ్తున్నాను" అని ఊరుకోకండి. "వెళ్లొస్తాను", "వస్తానండీ", తెలంగాణలో "పోయొస్త" అంటారు. సాగనంపేవాళ్లు "వెళ్లిరండి", "జాగ్రత్త", "పైలం బిడ్డా" అంటారు. గుమ్మం దగ్గర ఇంకో పావుగంట మాట్లాడుకోవడం మన అలవాటు, దాన్ని కూడా ప్రయాణం లెక్కలో వేసుకోండి. ఇంట్లో ఎవరెవరున్నారో వాళ్లందరికీ, వంటింట్లో ఉన్నవారికీ చెప్పే బయలుదేరండి. చెప్పకుండా వెళ్లారన్న మాట చాలాకాలం ఉండిపోతుంది.

6. ఫోన్లో

అవతలివారి దగ్గర మీ నంబరు లేదనుకుంటే పిలుపు, నమస్కారం, మీరెవరో, ఎవరి ద్వారా నంబరు దొరికిందో, మాట్లాడే వీలుందో లేదో, ఈ వరుసలో చెప్పండి: "నమస్కారం మేడమ్. నేను రవిని, మీ చెల్లెలి ఆఫీసులో పనిచేస్తాను. ఆవిడే మీ నంబరు ఇచ్చారు. ఒక రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" ఇక్కడ "నేను రవి" అనేకన్నా "నేను రవిని" అనడం తెలుగు పద్ధతి. "లక్ష్మిని మాట్లాడుతున్నా", "మేం పక్కింటివాళ్లం" కూడా అంతే. "ఎవరు మాట్లాడేది?" అని మీరే ఫోన్ చేసి మీరే అడగడం మాత్రం బాగుండదు.

ముగించేటప్పుడు "ఉంటానండీ" అన్నది చాలా అందమైన మాట. "సరే మరి, ఉంటాను" అనండి, వాళ్లు "మంచిది" అన్నాక పెట్టేయండి. పెద్దవాళ్లతో మాట్లాడుతుంటే వాళ్లు పెట్టేదాకా ఆగండి.

7. రాతలో పిలుపు: దీర్ఘం మరిచిపోకండి

రాసేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నేరుగా పిలుస్తుంటే చివరి అక్షరానికి దీర్ఘం రావాలి: రవీ, రాజూ, అన్నా, అక్కా, మాస్టారూ, శ్రీనివాస్ గారూ. "కి" పెడితే దీర్ఘం ఉండదు: రవికి, మాస్టారికి, శ్రీనివాస్ గారికి. "ప్రియమైన రవి" అని మాత్రమే రాసి వదిలేస్తే సగంలో ఆపినట్టుంటుంది. "ప్రియమైన రవీ" అనండి, లేదా "ప్రియమైన రవికి" అనండి. ఎక్కువమందిని పిలిస్తే "మిత్రులారా", "అక్కల్లారా".

పిలుపు ముందు పెట్టే మాటను మనిషినిబట్టి ఎంచుకోవాలి. తల్లిదండ్రులకు, తాతలకు "పూజ్యులైన". గురువులకు, అధికారులకు "గౌరవనీయులైన". స్నేహితులకు, తోబుట్టువులకు, పిల్లలకు "ప్రియమైన". ఆఫీసులో పైఅధికారికి "ప్రియమైన" అని రాయడం ఇంగ్లిష్ అలవాటు మోసుకొచ్చింది. తెలుగులో అది చనువు ఎక్కువైనట్టుగా ఉంటుంది. "చి." అంటే చిరంజీవి, మీకన్నా చిన్నవాళ్ల పేరు ముందే రాయాలి. "శ్రీ", "శ్రీమతి" ఉన్నా పేరు చివర "గారు" ఉండొచ్చు, మన దగ్గర అది వాడుకే.

పాత ఉత్తరాల్లో మగపెద్దలకు "మహారాజశ్రీ" అనీ, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో "మ.రా.రా.శ్రీ" అనీ రాసేవారు. భర్త లేని ఆడవారికి "గంగాభాగీరథీ సమానులైన" అని రాసేవారు. గౌరవంగానే రాసినా, ఆవిడ దుఃఖాన్ని చిరునామా మీద అచ్చువేసినట్టయ్యేది. ఈ రోజున దాన్ని వదిలేయాలి. ఏ ఆడమనిషికైనా పేరు, పక్కన "గారికి" చాలు. పెళ్లయిందా లేదా అన్నది చెప్పే "కుమారి", "సౌభాగ్యవతి"లకు ఆఫీసు ఉత్తరాల్లో పనే లేదు.

8. ఉత్తరం నుంచి మెసేజ్‌కు

ఒకప్పటి కార్డు ఇలా ఉండేది:

"మామయ్యగారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరము క్షేమము. అక్కడ మీరందరు క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి..."

ఆ తరువాత అసలు సంగతి, చివర "పెద్దలకు నమస్కారములు, పిన్నలకు ఆశీస్సులు". ఈ నాలుగు వాక్యాల నిర్మాణంలో చాలా తెలివి ఉంది: ముందు మా క్షేమం చెప్పి మీ కంగారు తగ్గించడం, తరువాత మీ క్షేమం అడగడం, అప్పుడు పని, చివర ఇంట్లో అందరినీ తలుచుకోవడం. మెసేజ్‌లోనూ ఈ క్రమాన్నే ఉంచి, భాషను మాత్రం ఇప్పటి నోటి మాటకు మార్చండి:

"నమస్తే మామయ్యా. మేమంతా బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చే ఆదివారం మీ ఊరు వస్తున్నాం, మధ్యాహ్నానికి చేరతాం. అత్తయ్యకు చెప్పండి. తాతయ్యకు నా నమస్కారాలు."

"హాయ్" అని ఒక్క మాట పంపి జవాబు కోసం ఎదురుచూడకండి. అవతల పెద్దవాళ్లయితే ఏమైందోనని కంగారుపడతారు. పిలుపు, కుశలం, సంగతి ఒకే మెసేజ్‌లో పెట్టండి. పాత గురువుకు రాస్తుంటే ఏ సంవత్సరం, ఏ తరగతి, ఏ ఊరి బడి అన్నది మొదటే చెప్పండి. వందలమందికి పాఠం చెప్పినవారికి ముఖం గుర్తున్నా పేరు వెంటనే తట్టదు. పొద్దున్నే "శుభోదయం" బొమ్మలు పంపేవాళ్లను చాలామంది విసుక్కుంటారు. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు అది "నేను బాగున్నాను" అని చెప్పే పద్ధతి. రోజూ జవాబివ్వలేకపోయినా అప్పుడప్పుడూ ఒక వాక్యం సొంతంగా రాసి పంపండి. ఆ బొమ్మ ఒకరోజు రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.

9. అర్జీ, ఆఫీసు ఉత్తరం

పైన "గౌరవనీయులైన తహసీల్దార్ గారికి", దాని కింద మండలం, జిల్లా. తరువాత "విషయం:" అని ఒక్క వాక్యంలో పని. ఆ తరువాత "అయ్యా," లేదా "అమ్మా,". అధికారి ఎవరో తెలియకపోతే "అయ్యా/అమ్మా,". కింద "నమస్కారం" అని ఒక మాట రాసి నేరుగా సంగతిలోకి వెళ్లండి. "దివ్య సముఖమునకు", "నమస్కరించి వ్రాయునది ఏమనగా" అన్నవి ఇప్పటికీ అర్జీల్లో కనిపిస్తాయి. అవి రాస్తేనే పని అవుతుందని కొందరి నమ్మకం. వాటి బదులు సర్వే నంబరు, తేదీ, ఇంతకుముందు ఇచ్చిన అర్జీ నంబరు రాస్తే చదివే ఉద్యోగికి పని తేలికవుతుంది. తెలంగాణలో కలెక్టర్ ఆఫీసుల్లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లే అర్జీ అయినా పద్ధతి ఇదే. చివర "ఇట్లు," కింద "విధేయుడు" లేదా "విధేయురాలు", సంతకం, పేరు, ఫోన్ నంబరు. పౌరుడిగా రాస్తున్నప్పుడు "భవదీయుడు", "భవదీయురాలు" కూడా సరైనవే. నాకు అవే ఇష్టం, వాటిలో మర్యాద ఉంది, ఒదిగిపోవడం లేదు.

10. శుభలేఖ, పిలుపు

శుభలేఖ పైన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" ఉంటుంది. వరుడి పేరు ముందు "చి.", వధువు పేరు ముందు "చి.ల.సౌ.". ఆహ్వానించే పెద్దలు తమ పేర్ల పక్కన "గారు" రాసుకోరు. అవతలి వియ్యాలవారి పేర్లకు మాత్రం తప్పక రాస్తారు. కాలంచేసినవారి పేరు ముందు "కీ.శే.". "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గైకొని" అన్న పాత వాక్యం అర్థమైనంతవరకు అందంగానే ఉంటుంది. అర్థం కాని పిల్లలు అచ్చు వేయిస్తే అందులో తప్పులు దొర్లుతున్నాయి. నోరు తిరగకపోతే "మీరంతా కుటుంబంతో వచ్చి పిల్లల్ని దీవించాలని కోరుతున్నాం" అని రాయండి, ఏ లోటూ లేదు. కార్డు నాలుగు మూలలా పసుపు పూయడం మాత్రం మరవకండి.

ఎంత మంచి కార్డు వేసినా, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచిన పిలుపుకు అది సాటిరాదు. "బొట్టు పెట్టి పిలవలేదు" అన్నది ఇప్పటికీ పెళ్లికి రాకపోవడానికి చాలినంత కారణం. దూరాన ఉన్నవాళ్లకు కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, వెంటనే ఫోన్ చేసి నోటితో పిలవండి. భర్త లేని అత్తలను, పిన్నులను ఈ పిలుపులో పక్కనపెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. వాళ్లనే ముందు పిలవండి.

11. శుభాకాంక్షలు

"శుభాకాంక్షలు" ఎప్పుడూ బహువచనమే, "కా"కు దీర్ఘం ఉంది. "హృదయపూర్వక" అని పెట్టకపోయినా శుభం తగ్గదు. ఉగాదికి సంవత్సరం పేరు చేరుస్తాం: 2025లో "శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు", 2026లో "శ్రీ పరాభవ నామ సంవత్సర". అరవై ఏళ్లకొకసారి తిరిగివచ్చే పేర్లు ఇవి; పేరు ఎలా ఉన్నా మార్చకుండా, ముందు "శ్రీ" చేర్చి అలాగే రాయండి. తెలంగాణలో దసరాకు మెసేజ్ సరిపోదు: జమ్మి ఆకును "బంగారం" అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి, ఈడువాళ్లతో అలయ్ బలయ్ (కౌగిలింత) తీసుకోవాలి.

అన్ని రోజులకూ శుభాకాంక్షలు చెప్పకూడదు. గుడ్ ఫ్రైడే క్రీస్తును శిలువ వేసిన రోజు; శుభాకాంక్షలు ఈస్టర్‌కు. ముహర్రం పదో రోజు కర్బలాలో ఇమాం హుస్సేన్ మరణాన్ని తలుచుకునే రోజు. వర్ధంతికి "నివాళి" అని రాయాలి, జయంతి, వర్ధంతి తారుమారు చేయకండి. సెలవుల జాబితా చూసి అన్నిటికీ ఒకే బొమ్మ పంపే అలవాటు వల్లే ఈ తప్పులు జరుగుతున్నాయి.

12. చావు కబురు విన్నప్పుడు

పోయినవారి ఇంటికి వెళ్తే "నమస్కారం" అనరు, "బాగున్నారా?" అడగరు. నేరుగా వెళ్లి పక్కన కూర్చోండి, చేయి పట్టుకోండి. "ఎంత పని జరిగిందమ్మా" అన్న ఒక్క మాట చాలు. ఏ మాటా రాకపోయినా తప్పు లేదు. ఎలా పోయారని గుచ్చిగుచ్చి అడగకండి, ఆ కథను వాళ్లు అప్పటికే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదు. ఏమీ అనకుండానే బయలుదేరతారు. ఈ పద్ధతి తెలియక మామూలుగా "వస్తామండీ" అనేసినా ఎవరూ పట్టుకుని అడగరు, కానీ పెద్దవాళ్ల మనసు కలుక్కుమంటుంది.

ఒకప్పుడు ఇలాంటి కబురు తెచ్చిన కార్డును చదివి వెంటనే చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయేదాకా, తంతి వచ్చిందంటేనే చాలా ఇళ్లలో ఏడుపు మొదలయ్యేది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో వస్తోంది. గ్రూపులో వరసగా అందరూ పెట్టే "ఓం శాంతి" కింద మీదీ ఒకటి చేర్చి సరిపెట్టుకోకండి. దగ్గరివాళ్లయితే ఫోన్ చేయండి. చేయలేకపోతే విడిగా రాయండి:

"అక్కా, బాబాయ్ పోయారని ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు మమ్మల్ని సైకిల్ మీద తిప్పింది ఆయనే. గురువారం వస్తున్నాను. ఈలోగా ఏ పని ఉన్నా చెప్పు."

పోయినవారి గురించి ఒక జ్ఞాపకం, మీరు చేయగలిగే ఒక పని. ఇవి రెండూ ఉంటే "ప్రగాఢ సానుభూతి" అవసరం లేదు. అచ్చువేసే ప్రకటనలో "శ్రద్ధాంజలి" అన్న మాటలో "ద"కు "ధ" వత్తు సరిగ్గా పడిందో లేదో ఇద్దరితో చూపించండి. చదివే తెలుగు మాస్టార్ల కోసం చెప్పడం లేదు, ఆ కాగితం ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

13. వేదిక మీద

"సభకు నమస్కారం" చాలు. అధ్యక్షుల పేరు, ముఖ్య అతిథి పేరు చెప్పి, "వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం" అని మాటలోకి వెళ్లండి. పేర్లన్నీ చదవబోతే ఒకరిని మరచిపోతారు.

14. పిల్లలకు నేర్పడం

దూరదేశాల్లో పెరిగే పిల్లలకు మాటల జాబితా ఇవ్వకండి. తాతయ్యా నానమ్మలతో వీడియో కాల్‌కు ముందు "ఈ రోజు నానమ్మను ఒక ప్రశ్న అడుగు" అని చెప్పండి: ఒకరోజు "ఏం కూర నానమ్మా?", ఇంకోరోజు "వాన పడిందా?". జవాబులోంచి పది కొత్త మాటలు వాళ్లే నేర్చుకుంటారు. ఉచ్చారణ తప్పయితే ఆ క్షణంలో సరిదిద్దకండి, నవ్వకండి. ఇంటికొచ్చిన తెలుగువాళ్లను "ఆంటీ" అన్నా ఫర్వాలేదు, పక్కన "నమస్తే" చేర్చమనండి. ఆ వచ్చినవాళ్లకు కూడా ఒక పని ఉంది: పిల్లవాడు తెలుగులో పలకరిస్తే ఇంగ్లిష్‌లో జవాబివ్వకండి. "నమస్తే నాన్నా, బాగున్నావా? అన్నం తిన్నావా?" అని నెమ్మదిగా అడిగి, వాడు మాటలు వెతుక్కునేంతసేపు ఆగండి.